కడిగిన పంపు

"దీన్ని అద్దం మాదిరి కడుగు" అంటూ మా ఆయన గురువారం పొద్దున ఆ పంపును తెచ్చి బండ మీద పెట్టాడు. నేను అప్పటికి సంగటి గిన్నె తోముతున్నాను.

ఎర్రగుంట్లలో ప్రొద్దుటూరు రోడ్డు మీద మా ఇల్లు. ముందు షెడ్డు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య నీళ్ళ తొట్టి, దాని పక్కన ఒక నాపరాతి బండ. ఆ బండకు ఒక పక్క అంట్లు తోముతాను, ఇంకో పక్క ఇంజను ముక్కలు కడుగుతాను. మా ఇంట్లో రెంటినీ సామాన్లనే అంటారు. "సామాన్లు కడిగినావా?" అని మా అత్త అడిగితే గిన్నెలు, ఆయన అడిగితే బోల్టులు. పద్నాలుగేళ్ళుగా జవాబు ఒకటే కాబట్టి, అడిగింది ఎవరో చూడకుండానే "ఆఁ" అంటాను. షెడ్డులో పనివాళ్ళు ఎవరూ నిలవలేదు. నిలవాల్సిన అవసరమూ రాలేదు. ముక్కలు డీజిల్లో నానబెట్టడం, తీగ బ్రష్షుతో రుద్దడం, అంచులకు అంటుకున్న పాత పేస్టు గీకడం, పొడుగు బోల్టు ఏ తూటుదో పొట్టి బోల్టు ఏ తూటుదో అట్టముక్క మీద వరసగా గుచ్చిపెట్టడం అంతా నేనే. బండి తెచ్చినవాళ్ళు నన్ను చూస్తే ఆయన నవ్వుతూ చెప్తాడు, "మా ఇంట్లోది ఊరికే కూచోలేదప్పా, ఏదో ఒకటి కెలుకుతా ఉంటాది" అని. పెళ్ళయిన కొత్తలో ఆ మాటకు నేనూ నవ్వేదాన్ని.

మామూలుగా ఆయన తెచ్చి పడేసిన దాంట్లో ఏది మళ్ళీ బండికెక్కుతుందో, ఏది గుజిరీకి పోతుందో నాకు తెలియదు. తెచ్చి వేస్తాడు, కడుగుతాను, తీసుకుపోతాడు. ఈ పంపు సంగతి మాత్రం నాకు తెలుసు. అది చచ్చిపోయిందని ముందు రోజు ఆయనే నా ఎదురుగా చెప్పాడు.

అది హసీనా వ్యానుది. నాలుగు వీధుల అవతల వాళ్ళ ఇల్లు. భర్త దావూద్ సిమెంటు లారీ మీంచి పడి నడుము పోగొట్టుకున్నాక, పన్నెండు సీట్ల ఆ వ్యానును హసీనాయే నడుపుతోంది. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళను పొద్దున ఫ్యాక్టరీ కాలనీలో ఇళ్ళ పనులకు దించి, మధ్యాహ్నం ఎక్కించుకొస్తుంది. ఈ మే నెలకు ఆ ఆడవాళ్ళకు బనగానపల్లెలో మామిడికాయలు ఏరే పని దొరికింది. సోమవారం నుంచి రోజూ అంత దూరం పోయి రావాలి. మొదటి రోజే బండి రాకపోతే ఇంకో బండి మాట్లాడుకుంటామని మేస్త్రీ ముందే చెప్పాడట. అట్లాంటప్పుడు బండి కింద నీళ్ళు కారడం మొదలైంది. నీళ్ళ పక్కనే నూనె చుక్కలు.

మా ఆయన పేరు జయపాల్. పని తెలిసిన మనిషి, ఆ మాట కాదనను. బెల్టు తీసి, పంపు చక్రాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఊపాడు.

"ఇదో, ఊడే పన్ను మాదిరి కదులుతాంది చూడు. బేరింగు పోయినాది. టైమింగు కవరు కాడ గూడా ఆయిలు కారుతాంది. కొత్త పంపు ఏసి, కవరు విప్పి మల్ల సీలు చెయ్యాల."

ఇంజను ముఖానికి మూత లాంటిది ఆ కవరు. దాని లోపల గొలుసు నూనెలో తిరుగుతుంది. దాని ముందు కూర్చున్న పంపు నీళ్ళను తిప్పుతుంది. ఆ నూనెకూ ఆ నీళ్ళకూ మధ్య కాపలా ఉండేది సన్నటి పేస్టు గీత ఒక్కటే. అది తెగి నీళ్ళు నూనెలో కలిస్తే ఇంజను పట్టేస్తుంది.

"కొత్తదే ఏస్తావు కదన్నా?" అంది హసీనా.

"నా షెడ్డులో పాతవి ఎయ్యరు" అన్నాడు ఆయన.

ఆమె కొత్త పంపు కోసం డబ్బు ఆయన చేతికిచ్చి, పోతూ పోతూ నా దగ్గర ఆగింది. "అక్కా, నువ్వుండావు కద, చూసుకో" అంది. నేను తలూపాను. ఏం చూసుకోవాలో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

అందుకే గురువారం ఆ పంపును ఒళ్ళో పెట్టుకుని కాసేపు అట్లా కూర్చున్నాను. పారేసే దాన్ని అద్దంలా ఎందుకు కడగాలి? చచ్చినదానికి స్నానం ఎందుకు? మళ్ళీ అనుకున్నాను, కొలతకు తీసుకుపోతాడేమో, ప్రొద్దుటూరు అంగట్లో చూపించి ఇట్లాంటిదే ఇమ్మంటాడేమో. కొలతకు తీసుకుపోయేదానికి అద్దం మెరుపు ఎందుకు? చెయ్యి మాత్రం ఆగలేదు, అది దాని పని అది చేసుకుపోతోంది. తుప్పు రాలింది, మడ్డి పోయింది, కింద అల్యూమినియం తెల్లగా బయటపడింది. పైన ఎడమ పక్క బోల్టు చెవికి వడ్లగింజంత పెచ్చు ఊడిపోయి ఉంది. ఇరుసును తిప్పితే లోపల ఇసుక నలిగినట్టు చేతికి తెలిసింది. నేను ఆ పెచ్చు మీద వేలు పెట్టి ఒకసారి గట్టిగా అదిమాను. ఎందుకట్లా చేశానో అప్పుడు తెలియలేదు. గుర్తు పెట్టుకుంటున్నానని తర్వాత తెలిసింది.

నాకు అనుమానం ఎక్కువని ఈ ఇంట్లో అందరి నమ్మకం. పెళ్ళయిన మొదటి సంవత్సరం ఒకరోజు ఆయన పొద్దుపోయి వస్తే యాడికి పోయినావని అడిగాను. మా అత్త జ్ఞానమణి చేతిలో బైబిలు మూసి, వేలు మధ్యలో పెట్టుకుని అంది, "మొగోడు ఇంటికొచ్చినంక యాడికి పోయినావని అడిగేది పోలీసోళ్ళు. పెండ్లాలు అన్నం పెడతారు." అప్పటినుంచి అన్నమే పెట్టాను. కూరలో ఉప్పు తక్కువైందేమో అన్నా అనుమానమే, మందుల చీటీ మీద తారీకు చూసినా అనుమానమే. మా నాన్న నాపరాళ్ళ గనిలో పని చేసేవాడు. రాయి మీద సుత్తితో ఒకసారి కొట్టి, చెవి పెట్టి, లోపల పగులు ఉందో లేదో చెప్పేవాడు. దాన్ని ఎవరూ అనుమానం అనలేదు, పనితనం అన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం అన్నానికి పిలవడానికి షెడ్డులోకి పోయాను. ఆయన రోడ్డు అవతల ఎవరితోనో మాట్లాడుతున్నాడు. వ్యాను ముందు భాగం తెరిచి ఉంది. పంపు బిగించేశాడు. వెండి రంగు స్ప్రే కొట్టి ఉంది, ఆ వాసన ఇంకా పోలేదు. కింద నేల మీద కొత్త పంపు పెట్టె ఖాళీగా పడి ఉంది. దాని మూలలు నలిగి, మూత మీద వేలితో రాస్తే చారపడేంత దుమ్ము. నేను వంగి పంపు వెనకకు చెయ్యి పోనిచ్చాను. పైన ఎడమ చెవి. నా వేలు ఆ పెచ్చులో సరిగ్గా కూర్చుంది.

ఇంకొకటి కూడా చూశాను. కవరు అంచున కొత్త పేస్టు నల్లగా బయటికి పొంగి ఉంది. ఏ బండి కవరు విప్పినా పాత పేస్టు గీకడానికి నా బండ మీదికే వస్తుంది. ఈ కవరు రాలేదు. రాకుండా ఎట్లా ఎక్కింది?

అన్నం వడ్డించాక అడిగాను. గొంతు మామూలుగా ఉండేట్టు చూసుకున్నాను.

"పంపు యాడ తెచ్చినావు?"

"పొద్దుటూరులో."

"ఎప్పుడు పోయినావు? నిన్నంతా ఈడనే ఉంటివే."

ఆయన ముద్ద ఆపాడు. మా అత్త తలెత్తి చూసింది. ఎండకు రేకులు టప్ టప్ అంటున్నాయి.

"లాయరు చదివినావా యాడన్నా?" అన్నాడు. తర్వాత నవ్వాడు. "ఆ యమ్మకు పంపు అంటే ఏందో తెలుసునా? నువ్వు కడిగినంక అది కొత్తదే. కొన్నాళ్ళు తిరుగుతాది. కారితే మల్ల వస్తాది, మల్ల చూస్తాం."

"దోవలో ఆగిపోతే?"

"ఆడోళ్ళు పన్నెండు మంది ఉండారు కద, తోసుకుంటారు" అని, మళ్ళీ తినడం మొదలుపెట్టి, నా వైపు చూడకుండా నెమ్మదిగా అన్నాడు. "అయినా ఎవురు కడిగినారు దాన్ని? నువ్వే కద."

ఆ మాటను కోపంగా అని ఉంటే బాగుండేది. మజ్జిగ పొయ్యమన్నంత మామూలుగా అన్నాడు. నేను మజ్జిగే పోశాను.

పని శుక్రవారానికే అయిపోయినా బండిని సోమవారం తెల్లవారే ఇస్తానని హసీనాకు ఫోను చేసి చెప్పాడు. తొందరగా ఇస్తే పని తక్కువనుకుంటారట.

శనివారం పొద్దున, కళ్ళు మసకగా ఉన్నాయి, ప్రొద్దుటూరు ఆసుపత్రికి పోయొస్తానన్నాను. ఆయన బోల్టుకు వేసిన పాన మీంచి తలెత్తకుండానే, "నీ కండ్లకేమైనాది, అవసరం లేనివి గూడా కనబడతాండాయి కద" అన్నాడు. హసీనా ఇచ్చిన డబ్బు గోడ మేకుకు తగిలించిన ఆయన చొక్కా జేబులో అట్లాగే మడిచి ఉంది. తీసుకున్నాను. దొంగతనం అనిపించలేదు, ఆ డబ్బు పేరే పంపు.

ప్రొద్దుటూరులో విడిభాగాల అంగడి యజమాని బసవరాజుతో ఫోనులో మాట్లాడడమే తప్ప ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. ఎర్రగుంట్ల జయపాల్ షెడ్డు నుంచి వచ్చానని చెప్పి, బండి పేరు, ఇంజను రకం చెప్పాను. కవరు పేస్టు, కింది పుల్లీ వెనక వేసే ఆయిలు సీలు కూడా అడిగాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"మీరు జయపాల్ ఇంట్లోవాళ్ళా వదినా? ఏందీ పొద్దు మిమ్మల్ని పంపినాడు?"

"పనిలో ఉండాడు."

"పని బాగుండాదన్నమాట. రెండేండ్లయితాంది మీ షెడ్డుకు మా కాడ్నించి పంపు పోయి. వేరే అంగడి పట్టినాడేమో అనుకుంటాంటి. అడిగితే, లేదన్నా, ఈ నడుమ పంపులు పోతాండేదే తక్కువ అంటాండె."

పంపును పెట్టెలోంచి తీసి నా చేతికిచ్చాడు. ఇరుసు తిప్పాను. వెన్నలో వేలు తిరిగినట్టు తిరిగింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, రెండేళ్ళు వెనక్కి పోయాను. సిమెంటు దుమ్ముతో తెల్లబడిన తుమ్మచెట్లు పక్కనుంచి పోతున్నాయి. పోయిన వానాకాలంలో ఒక పంపు కడిగాను, అది చర్చి పాస్టరు గారి జీపుది. అంతకు ముందు ఉగాది దాటాక ఒకటి, బడిపిల్లల ఆటోది, దాని వెంట వచ్చిన టీచరమ్మ పక్కనే నిలబడి ఎంత సేపు పడుతుందని అడుగుతూ ఉండింది. అదే ఎండాకాలం కూరగాయల ట్రాలీ ఆటోది ఇంకొకటి. ఒక క్లచ్చు పళ్ళెం. రెండు బ్రేకు సిలిండర్లు. వాటిని నేను సబ్బుపెట్టి కడిగాను, ఎండలో ఆరబెట్టాను, మా అత్త వడియాల చాప పక్కనే. శుభ్రంగా కడుగుతానని నాకు ఒక గర్వం ఉండేది. పాస్టరు గారి భార్య ఒకసారి, మీ గిన్నెల్లో మొహం చూసుకోవచ్చు మహిమా అంటే వారం రోజులు సంతోషంగా ఉన్నాను. ఆ చెయ్యే ఇవన్నీ కడిగింది. ఫ్యాక్టరీ కాంట్రాక్టర్ల బండ్లకు ఆయన ఇట్లా చేసినట్టు ఒక్కటీ గుర్తురాలేదు. వాళ్ళు పక్కన నిలబడి పాత ముక్క చేతికి అడిగి తీసుకుంటారు. నాకు గుర్తొచ్చినవన్నీ అడగడం తెలియనివాళ్ళ బండ్లు, అడగడానికి మొహమాటపడేవాళ్ళ బండ్లు. ఆయన మంచి మెకానిక్కు. ఎవరి దగ్గర ఎంత మంచిగా ఉండాలో కూడా ఆయనకు తెలుసు.

ఇంటికి చేరి పెట్టెను పిండి డబ్బా వెనక దాచాను. మా అత్త రెండుసార్లు వంటింట్లోకి వచ్చి ఊరికే నిలబడి పోయింది.

ఆదివారం జమ్మలమడుగులో చర్చి కూడికలు. ఆయనా మా అత్తా పొద్దున్నే బయల్దేరాలి. నేను కడుపునొప్పి అన్నాను. మా అత్త తెల్లచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నిన్న కండ్లు, ఈ పొద్దు కడుపు. రేపు ఏందో" అంది. వాళ్ళ బండి మలుపు తిరిగిందాకా వాకిట్లో నిలబడి, హసీనాకు ఫోను చేశాను.

ఆమె వచ్చింది. వ్యాను ముందు నిలబెట్టి ఉన్నదంతా చెప్పాను. ఆమె ఏడవలేదు, ఆయన్ను తిట్టలేదు. నన్నే చూస్తూ నిలబడింది. ఆ చూపు నేను ఎదురుచూసినది కాదు.

"ఇన్నేండ్లు ఎన్ని కడిగినావక్కా?"

"ఏది ఎందుకో నాకు తెలిసేది కాదు హసీనా."

"తెలియక కడిగినావా, తెలుసుకోకుండా కడిగినావా?"

కొత్త పెట్టె ఆమె చేతికిచ్చి, నువ్వే తెరువు అన్నాను. ఆమె అంచుల చుట్టూ చూసి, గోటితో అంటుబిళ్ళ చించి, పంపును బయటికి తీసింది. పాతది విప్పి పక్కన పెట్టాక రెంటినీ తనే తిప్పి చూసుకుంది, ఒకటికి రెండుసార్లు. నన్ను నమ్మినట్టు ఏమీ అనలేదు. పైట నడుముకు చుట్టుకుని, "ఇంగ ఏం చెయ్యాల చెప్పు" అంది.

నీళ్ళు దించాం, నూనె దించాం. పంపు విప్పిన చోట కవరు అంచు కనబడుతోంది, అక్కడ చూస్తే పాత పేస్టు మీదే కొత్త పేస్టు పూసి ఉంది, ఎగుడుదిగుడు గోడకు పైపైన సున్నం కొట్టినట్టు. కవరూ విప్పక తప్పదని తేలింది. దానికి ముందు కింది పుల్లీ బోల్టు రావాలి. నేను ఎన్నోసార్లు చూశానే తప్ప ఎప్పుడూ విప్పలేదు. హసీనా బండిని గేరులో వేసి బ్రేకు మీద నిలబడింది. పానకు ఇనుప పైపు తొడిగి, దాని చివర పట్టుకుని నా బరువంతా వేశాను. రాలేదు. గోడకు కాలు తన్నిపట్టి మళ్ళీ వేశాను. భుజం కీలులోంచి ఒక మంట లేచింది. మూడోసారి టక్కుమని వదిలింది. ఆ చప్పుడుకు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, అంతే, ఎవరమూ నవ్వలేదు.

కవరు బోల్టులు అట్టముక్క మీద వరసగా గుచ్చాను. లోపల గొలుసు నూనెలో మెరుస్తూ ఉంది. దాని గుర్తులు కదలకూడదు, ఇంక ఇంజను ఎవరూ తిప్పకూడదు అని హసీనాకు రెండుసార్లు చెప్పాను. కవరును బండ మీదికి తెచ్చి, పాత పేస్టంతా గీకి, పెట్రోలు గుడ్డతో తుడిచాను. ఇంజను వైపు అంచును హసీనా తుడిచింది. ఒక్క నలక ఉన్నా పట్టదు. పాత ఆయిలు సీలు తీసి కొత్తది కొట్టాను. తర్వాత పేస్టు. ఆయన పూస్తుంటే పక్కన నిలబడి పానలు అందిస్తూ వందసార్లు చూసిన పని. సన్నగా, ఎక్కడా తెగకుండా, ప్రతి తూటు చుట్టూ తిప్పుకుంటూ పోవాలి. గీత ఎక్కడో ఒకచోట తెగుతుందని భయపడ్డాను. తెగలేదు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇంత సులువైన పనికా ఇన్నేళ్ళు దూరంగా నిలబెట్టాడు అనిపించింది. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాను.

కవరు, పుల్లీ, కొత్త పంపు బిగించాం. పేస్టు ఆరేదాకా నీళ్ళు పొయ్యకూడదు. నీడలో కూర్చుని సజ్జరొట్టె, చెనిక్కాయల కారం తిన్నాం. అప్పుడు హసీనా తనంతట తనే మాట్లాడింది. "బండి నేర్చుకున్నప్పుడు దావూద్ ఏమన్నాడు తెలుసునా అక్కా? బండి పాడైతే బాగుచెయ్యనీకి రానోళ్ళు స్టీరింగు పట్టకూడదు అన్నాడు. ఆయనకూ రాదు బాగుచెయ్యనీకి. పదేండ్లు నడిపినాడు."

సాయంత్రం నీళ్ళు పోసి, నూనె పోసి, బండి స్టార్టు చేశాం. రేడియేటరు మూత దగ్గర బుడగలు వచ్చి ఆగాయి. నేను నేల మీద పడుకుని పంపు కిందా కవరు కిందా గుడ్డతో తుడుస్తూ చూశాను. గుడ్డ పొడిగా వచ్చింది. అరగంట తర్వాత కూడా పొడిగానే ఉంది. వేడి సూది సగానికి వచ్చి నిలబడింది.

వాళ్ళు వచ్చేసరికి బండి ఇంకా నడుస్తూ ఉంది. మా అత్త నా చేతులు, చీర మీది నూనె మరకలు చూసి, "మొగోని పని ముట్టుకుంటివా" అంది. ఆయన చేతిలో బైబిలు సంచి అట్లాగే ఉంది. మొహం నల్లగా అయింది. నా వైపు రెండడుగులు వేశాడు. హసీనా స్టీరింగు దగ్గర నుంచి దిగలేదు. కిటికీలోంచే మామూలు గొంతుతో అంది.

"అన్నా, పాత పంపు నా బండిలోనే పెట్టుకున్నా. ఎవురన్నా చూస్తామంటే చూపిస్తా."

ఆయన తెరిచి ఉన్న ఇంజను ముందు ఆగిపోయాడు. నేను మూత వేశాను. ఆమె బండి వెనక్కి తీసుకుని రోడ్డెక్కి వెళ్ళిపోయింది. ఇంక కేకలు వస్తాయని నేను ఎదురుచూశాను. రాలేదు. ఆయన కింద పడి ఉన్న పేస్టు గొట్టాన్ని తీసి, ఎంత వాడానో నొక్కి చూశాడు. అట్టముక్క చూశాడు. సంచి లోపల పెట్టొచ్చి స్టూలు మీద కూర్చుని అన్నాడు.

"ఆ అంచు చూసినాలే బండి పోకముందు. బాగనే పూసినావు."

పద్నాలుగేళ్ళలో ఆయన నా పనిని మెచ్చుకోవడం అదే మొదలు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒక్క క్షణం నా ఒళ్ళంతా వెచ్చబడింది. ఆయన గొంతు ఇంకా మెత్తగా చేసుకుని అన్నాడు.

"ఇంగ ఇట్లాంటివి నువ్వే చెయ్యి, వెనకాల. బండ మీద కూచోని చేసుకో, ఎవురికీ కనపడదు. ఆడది చేసిందంటే ఒక్క బండి రాదు ఈడికి. నేను ముందర చూసుకుంటా. జరిగిందేదో జరిగింది."

అప్పుడు ఆ వెచ్చదనం దిగిపోయింది. కడగమన్నప్పటి గొంతూ ఇదే. నిన్నటిదాకా నా చేత కడిగించాడు, రేపటినుంచి నా చేత బిగించుకుంటాడు, ముందర నిలబడి ఎవరికి ఏం చెప్తాడో వెనక ఉన్న నాకు వినబడదు. వెనకాల అన్న మాటనే పట్టుకుని నేను ఎంతోసేపు ఆలోచించాను. "ఆఁ" అనలేదు. ఆయన అన్నాననే అనుకున్నాడు.

సోమవారం పొద్దున హసీనా బనగానపల్లె నుంచి ఫోను చేసింది. వెనక ఆడవాళ్ళ మాటలు, బుట్టల చప్పుడు. "సూది సగం దాటలేదక్కా" అని పెట్టేసింది. అంతకంటే ఆశించే హక్కు నాకు లేదు.

ఫోను ఇంకా చేతిలోనే ఉండగా షెడ్డు ముందు ఒక ట్రాలీ ఆటో ఆగింది. వెనక టమాటా పెట్టెలు. సంతల్లో కూరగాయలమ్మే ఉరుకుందమ్మది అది, అల్లుడు నడుపుతాడు. ఆమె ఖాళీ బిందెతో దిగింది.

"మ్మీ, రోంత నీళ్ళియ్యి. దినానికి రెండు బిందెలు తాగుతాంది ఈ బండి. ఏమని అడిగితే, ఎండలకు మనకు మాదిరే బండికి గూడా దప్పి అయితాది పెద్దమ్మా అన్నాడు మీ ఆయన."

ఆయన లోపల దోసె తింటున్నాడు. పళ్ళెం చప్పుడు ఆగింది. "మహిమా, నీళ్ళిచ్చి పంపు" అన్నాడు లోపల్నుంచి.

నేను బిందె అందుకోలేదు. షెడ్డు ముందుకు, రోడ్డు మీద పోయేవాళ్ళకు కనబడే చోటికి వచ్చి నిలబడ్డాను.

"అది దప్పి కాదు పెద్దమ్మా. పోయిన యేడు నీ బండికి ఏసింది పాత పంపు. కడిగిచ్చింది నేనే. అల్లున్ని బండి నీడకు పెట్టమను, నేను విప్పుతా."